జిమ్మీ లడ్డూ తినేసింది డాక్టర్ గారూ!

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. మా ఇంట్లో జిమ్మీ అని పమేరియన్ ఉంది, ఆడది, నాలుగేళ్లు, ఎనిమిది కిలోలు ఉంటాది. మొన్న మా వదినా వాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చి కొండకి పోయి దర్శనం చేసుకొని రాత్రి పదకొండుకి దిగినారు, అలిసిపోయి లడ్ల కవర్ సోఫా మీద అట్లే పెట్టేసి పడుకున్నారు, నేనూ చూసుకోలేదు. తెల్లారుజామున మూడింటికి ఏదో శబ్దం వస్తే లేచి లైటేసి చూస్తే దేవుడి గది ముందర ఇంత వాంతి, అందులో బూంది, జీడిపప్పు ముక్కలు, ఉబ్బిపోయిన కిస్‌మిస్‌లు నాలుగైదు, దాని మూతికంతా నెయ్యి. కవర్ ముడి ముడే ఉంది, పక్కన కొరికి బొక్క పెట్టింది, ఒక లడ్డూ పూర్తిగా లేదు, ఇంకోటి సగం. తర్వాత రెండుసార్లు పసుప్పచ్చ నురగ కక్కింది, పొద్దున రెండు లూజ్ మోషన్లు. మా ఆయన ఉప్పునీళ్లు తాపిస్తే అంతా బయటికి వచ్చేస్తాది అన్నాడు, నేను పట్టనీయలేదు. మా అవ్వేమో స్వామి ప్రసాదం ఎవురినీ ఏమీ చెయ్యదు, ఊరికే హైరానా పడొద్దండి అంటాది. ఈరోజు రెండో రోజు, వాంతులు లేవు, మధ్యాహ్నం రవ్వంత పెరుగన్నం తినింది, తోక కూడా ఊపింది. ఇంక గండం గడిచినట్టేనా, డాక్టర్‌కి చూపించాల్నా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఇది పత్రికలో వచ్చేదాకా ఆగే విషయం కాదు గనక మీ మెయిల్ చూసిన రాత్రే మీకు ఫోన్ చేశాను. మీరేమో వాంతుల గురించి చెప్పబోతుంటే నేను మధ్యలో ఆపి ఒక్కటే అడిగాను, జిమ్మీ ఉచ్చ పోస్తోందా అని. మీరు కాసేపు ఆలోచించి "మోషన్లు ఎన్నైనాయో లెక్క పెట్టినా సార్, అది మాత్రం చూసుకోలేదు" అన్నారు. తప్పేం లేదు, అందరం అంతే, కంటికి అసహ్యంగా కనిపించేదాన్నే చూస్తాం.

ఎందుకడిగానో మిగతావాళ్ల కోసం చెప్తాను. కొండ లడ్డూ ఒక్కోటి 175 గ్రాములు, అందులో నెయ్యి ఎంత ఉంటుందో చేతికి తెలుస్తుంది కదా, ఎనిమిది కిలోల కుక్కకి ఒకటిన్నర లడ్డూ అంటే ఆ వాంతులూ మోషన్లూ చాలావరకు ఆ నెయ్యి పనే. ఒక్కోసారి ఆ కొవ్వుకి క్లోమం వాచిపోతుంది, అప్పుడు కుక్క వీపు వంచి నిలబడుతుంది, పొట్ట ముట్టుకోనివ్వదు, తిండి వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. జిమ్మీకి అదేం లేదన్నారు, సంతోషం.

నా భయమంతా కిస్‌మిస్‌ల మీద. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కల కిడ్నీలని దెబ్బ తీస్తాయి, ఇన్ని తింటే ప్రమాదం ఇన్ని తింటే పర్లేదు అని లెక్క లేదు, ఒక కుక్క గుప్పెడు తిని హాయిగా పడుకుంటుంది, ఇంకోటి నాలుగు గింజలకే మంచాన పడుతుంది. దాని తీరు ఎట్లుంటుందంటే మొదటి రోజు వాంతులు అవుతాయి, తర్వాత తగ్గినట్టే తగ్గుతుంది, ఆ తగ్గిన టైంలోనే లోపల కిడ్నీ పాడవుతూ ఉంటుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో ఉచ్చ తగ్గిపోయి మళ్లీ వాంతులు మొదలవుతాయి. అందుకే తోక ఊపింది అని మీరు రాసింది చదివితే నాకు ధైర్యం రాలేదు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ యాసిడ్ వల్లే ఇదంతా అని ఇప్పుడు గట్టిగా అనుమానిస్తున్నారు, అది మన చింతపండులో కూడా ఉంటుంది, కాబట్టి మిగిలిన పులిహోర కుక్క గిన్నెలో వేసే అలవాటుంటే మానుకోండి.

ఉప్పునీళ్లు పట్టనీయకపోవడం మీరు చేసిన మంచి పని, మీ ఆయనకి చెప్పండి. ఉప్పు ఎక్కువై రక్తంలో చేరితే ఫిట్స్ వస్తాయి, లడ్డూ కంటే ముందు అదే చంపుతుంది. కక్కించాల్సి వస్తే డాక్టరే ఇంజెక్షన్‌తో కక్కిస్తాడు, అదీ తిన్న రెండు గంటల లోపలైతే బాగా పనిచేస్తుంది. ఇక అవ్వ మాట, ఆవిడతో నేను వాదించను, మా ఇంట్లోనూ ఒక అవ్వ ఉంది. ప్రసాదం మనుషులం కళ్లకద్దుకొని తినాల్సింది, కవర్ పైన బీరువా మీద పెట్టండి, స్వామికీ జిమ్మీకీ ఇద్దరికీ మంచిది.

మర్నాడు పొద్దున మీరు దాన్ని చూపించి రక్త పరీక్ష చేయించారు, కిడ్నీ ఎట్లుందో చెప్పే యూరియా, క్రియాటినిన్ రెండూ నార్మల్, సెలైన్ ఎక్కించారు, ఒకరోజు ఆగి మళ్లీ చేయిస్తే అప్పుడూ నార్మల్. మన ఊళ్లో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆవుల్ని, మేకల్ని తోలుకొస్తారు, కుక్కకి ఏంటిలే అని మనమే ఇంట్లో కూర్చుంటాం.

ఇంట్లో ఎట్ల చూసుకోవాలంటే, వాంతి ఆగాక ఒకేసారి గిన్నెడు నీళ్లు పెట్టకండి, గటగటా తాగి మళ్లీ కక్కుతుంది, కొంచెం కొంచెంగా పెట్టండి. మెత్తగా ఉడికించిన అన్నం, ఎముక లేని ఉడికించిన చికెన్, ఉప్పు నూనె ఏమీ వద్దు, ఉల్లి వెల్లుల్లి అసలే వద్దు, మూడు నాలుగు సార్లు కాస్త కాస్త. పెరుగన్నం సరే గానీ తాలింపు వేసింది కాదు. పెదవి ఎత్తి చిగురు చూడండి, గులాబీ రంగులో తడిగా ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మన చేతికి జ్వరంలాగే తగులుతుంది, అది చూసి మన పారాసిటమాల్ ముక్క వేసేవాళ్లున్నారు, దయచేసి వెయ్యకండి. బయటికి తీసుకపోయినప్పుడు ఎన్నిసార్లు ఉచ్చ పోసిందో, ఎంత పోసిందో ఒక మూడు రోజులు క్యాలెండర్ మీద గీత పెట్టుకోండి, నవ్వొస్తే రానీండి.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర, మామిడి తోట ఉంది. మా కుక్క నిన్న మామిడికాయ టెంక మింగేసింది. ఏమైనా అవుతుందా సార్?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: టెంక అరగదు నాయనా. పెద్ద కుక్కైతే కొన్నిసార్లు కక్కేస్తుంది, లేదంటే పేగులో అడ్డం పడుతుంది. తిన్నదీ తాగిందీ పదేపదే కక్కుతున్నా, మోషన్ ఆగిపోయినా, పొట్ట బిగుసుకున్నా ఇంక చూస్తూ కూర్చోకుండా ఆ రోజే తీసుకపో. టెంక ఎక్స్‌రేలో ఒక్కోసారి సరిగా కనిపించదు, కాబట్టి ఏం మింగిందో డాక్టర్‌కి ముందే చెప్పు, స్కాన్ చేస్తారు. ఏమీ లేకపోయినా ఒకసారి చూపించు. కాయలు కోసే రోజుల్లో వాడిని కట్టేసి ఉంచు, ఎంత అరిచినా సరే.