షో రద్దయింది, రైలు ఖర్చులు కూడా రాబట్టవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ ఒక విదేశీ రాక్ బ్యాండ్ అంటే నాకు ప్రాణం. వాళ్లు ఇండియా టూర్‌కు వస్తున్నారని తెలిసి బెంగళూరు, ముంబయి షోలు రెండింటికీ టికెట్లు కొన్నాను. బెంగళూరులో రెండు గంటలు ఆలస్యమైనా షో బాగా జరిగింది. ముంబయికి విజయవాడలో కోణార్క్ ఎక్కి వెళ్లాను. షో రోజు మధ్యాహ్నం, హోటల్లో తయారవుతుండగా ‘అనివార్య కారణాల వల్ల రద్దు’ అని మెయిల్ వచ్చింది. తర్వాత టికెట్ ధర 6,500 రూపాయలు ఖాతాలో వేశారు. బుకింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 700 పైచిలుకు మాత్రం ‘నాన్ రిఫండబుల్’ అంటున్నారు. రైలుకు, హోటల్‌కు నాకు 11,000 దాకా అయింది. వివాదాలన్నీ ముంబయి కోర్టుల్లోనే తేల్చుకోవాలని షరతుల్లో ఉంది. టికెట్ కొన్న కొత్తలో, బయటి ఊళ్ల నుంచి వచ్చేవారికి హోటల్ గదులపై డిస్కౌంట్ అంటూ నిర్వాహకులే ఒక మెయిల్ పంపారు, నేను వాడుకోలేదు. ఇంట్లో ‘పాటల పిచ్చికి కోర్టు కూడానా’ అంటున్నారు. మా బాబాయి కొడుకు బెంగళూరు షోకు 5,000 టికెట్‌ను టెలిగ్రామ్‌లో ఎవరి దగ్గరో 14,000 పెట్టి కొన్నాడు. గేటు దగ్గర స్కాన్ చేస్తే, ఆ టికెట్ మీద అప్పటికే ఒకరు లోపలికి వెళ్లారన్నారు. మేమిద్దరం ఏం చేయవచ్చు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల మాట సంగతి చూద్దాం. పెళ్లికి మాట్లాడుకున్న కల్యాణ మండపం వాళ్లు ముహూర్తం రోజున గేటుకు తాళం వేసుకుంటే ‘పోనీలే, పెళ్లి పిచ్చి’ అని ఎవరూ అనరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(42) ‘సేవ’ అంటే ఏమిటో చెబుతూ బ్యాంకింగ్, బీమా, రవాణాతో పాటు వినోదాన్ని కూడా పేరుపెట్టి చేర్చింది. మీరు అడుగుతున్నది అభిమానానికి వెల కాదు, డబ్బు కట్టి కొనుక్కున్న సేవకు జవాబుదారీ. సంకోచం లేకుండా అడగండి.

ముంబయి కోర్టుల షరతు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏడు వందల కోసం ముంబయి ఎవరు వెళ్తారన్నదే ఆ షరతు పెట్టినవాళ్ల ధీమా. కానీ సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తే, లేదా ఎక్కడ పని చేసుకుంటే, అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు. 2019 చట్టం ఇచ్చే హక్కులు మిగతా చట్టాలకు అదనమని దాని సెక్షన్ 100 చెబుతోంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు (వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనేది) ఉన్నా వినియోగదారుడి దారి మూసుకుపోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. కాబట్టి మీరు గుంటూరులోనే వేయండి. షో నిర్వాహకులను, టికెట్లు అమ్మిన వెబ్‌సైట్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే తప్పు రెండోవాళ్లదని చేతులు దులుపుకుంటారు.

బుకింగ్ ఫీజు విషయంలో వాళ్ల వాదన ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి. ‘టికెట్ బుక్ చేయడం వరకే మా సేవ, అది చేసేశాం’ అంటారు. తీసిపారేయదగ్గ వాదన కాదు. అయితే ఆ ఫీజు మీరు కట్టింది షో చూడడానికి. రద్దు చేసింది మీరు కాదు. షో జరగనప్పుడు ఆ బుకింగ్ మీకు ఎందుకూ కొరగాలేదు. కాంట్రాక్టు చట్టం 1872లోని సెక్షన్ 65 ప్రకారం, ఒప్పందం చెల్లకుండా పోతే దాని కింద లాభం పొందినవారు ఆ లాభాన్ని తిరిగి ఇవ్వాలి. ఫీజు, జీఎస్టీ రెండింటినీ సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి కింద అడగండి. ఒక జాగ్రత్త: ‘ఆ షరతు అన్యాయమైన ఒప్పందమని ప్రకటించండి’ అని జిల్లా కమిషన్‌ను కోరవద్దు. ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కే ఉంది. ఆ ఒక్క కోరిక పెడితే కేసు మొత్తం విచారణార్హత దగ్గరే ఇరుక్కుంటుంది.

ఇక అసలు విషయం, ఆ 11,000. మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది: హోటల్ డిస్కౌంట్ మెయిల్. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం, మాట తప్పినవారు ఆ తప్పడం వల్ల మామూలుగా కలిగే నష్టాన్ని, లేదా ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టాన్ని భరించాలి. దూరపు నష్టాలకు బాధ్యత లేదు. మామూలుగా అయితే నిర్వాహకులు ‘నువ్వు గుంటూరు నుంచి వస్తావని మాకేం తెలుసు? నీ రైలుతో మాకేం సంబంధం?’ అంటారు. చాలా కేసుల్లో ప్రయాణ ఖర్చులు పోయేది ఇక్కడే. మీ కేసులో బయటి ఊళ్ల నుంచి జనం వస్తారని, గదులు తీసుకుంటారని వాళ్లే రాసి పంపారు. టికెట్ కొన్నప్పుడు మీరిచ్చిన చిరునామాలో గుంటూరు పిన్‌కోడ్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఆ మెయిల్ టికెట్ కొన్నాక వచ్చింది కాబట్టి ‘ఒప్పందం నాటికి తెలియదు’ అని వాదిస్తారు. పిన్‌కోడ్ దానికి జవాబు. డిస్కౌంట్ వాడుకోకపోవడం మీకు అడ్డు కాదు. ఆ మెయిల్‌ను డిలీట్ చేయకండి, ఒరిజినల్‌గా ఇన్‌బాక్స్‌లోనే ఉంచండి.

రెండో మెట్టు, షో ఎందుకు రద్దయింది? తుపాను వచ్చినా, ప్రభుత్వం హఠాత్తుగా నిషేధించినా అది ఎవరి చేతుల్లోనూ లేని విషయం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 కింద ఒప్పందం రద్దవుతుంది, కట్టిన డబ్బు వస్తుంది, నష్టపరిహారం రాదు. అనుమతులు తెచ్చుకోలేకనో, వేదిక ఏర్పాట్లు పూర్తికాకనో ఆగితే తప్పు నిర్వాహకులదే. ‘అనివార్య కారణాలు’ అన్న మాట వెనక ఏముందో తెలియాలంటే సమాచార హక్కు చట్టం కింద అక్కడి పోలీసు కమిషనరేట్‌కు పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఫలానా తేదీన ఫలానా చోట జరగాల్సిన కార్యక్రమానికి అనుమతి కోరారా, ఇచ్చారా, ఎప్పుడు ఇచ్చారు అని మాత్రమే అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ 11,000 వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.

దీనికి ఒక ఉదాహరణ: 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా షో చివరి నిమిషంలో ఆగిపోయింది. వేదిక ముందున్న బారికేడ్ విరిగి, భద్రత సమస్యగా మారింది. కోపం పట్టలేక కొందరు వేదికను ధ్వంసం చేశారు, నిర్వాహకుల్లో కొందరిని పోలీసులు అరెస్టు చేశారు. రెండు రోజులకే అదే బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించింది. బారికేడ్ సరిగ్గా నిలబెట్టడం నిర్వాహకుల పని. అలాంటి లోపాన్ని దైవాధీనమని నెట్టేయడం కుదరదు.

డబ్బు ఖాతాలో పడినంత మాత్రాన మీ హక్కు పోలేదు. కానీ ‘పూర్తి, తుది సెటిల్‌మెంట్‌గా అంగీకరిస్తున్నాను’ అనే లింకు ఏదైనా పంపితే నొక్కకండి. వోచర్ ఇస్తామంటే వద్దని రాతపూర్వకంగా చెప్పండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. చేయకపోతే అదీ మీ కేసుకు బలమే. తర్వాత పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అది తప్పనిసరి కాదు కానీ పంపితే మంచిది.

ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఇంత చిన్న కేసుకు అదే నా సలహా. మెయిళ్లు, స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి. మానసిక వేదనకు లక్షలు అడగవద్దు. అడిగినది నమ్మదగ్గట్టుగా ఉంటేనే మిగతా లెక్కకూ విలువ ఉంటుంది. రైలు టికెట్, హోటల్ బిల్లు పెట్టండి. ముంబయిలో ఇంకో పని కూడా చూసుకుని ఉంటే ఆ ఖర్చు మీరే తీసేయండి. బెంగళూరు షో ఆలస్యాన్ని ఇందులో కలపకండి, అందులో పస లేదు. గడువు, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు.

మీ తమ్ముడి సంగతి వేరు. అధికారికంగా అమ్మని టికెట్‌కు నిర్వాహకులను బాధ్యులను చేయడం కష్టం, టెలిగ్రామ్ వ్యక్తి ఎవరో తెలియకుండా వినియోగదారుల కమిషన్ ఏమీ చేయలేదు. ఒకే టికెట్‌ను పలువురికి అమ్మడం మోసం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద నేరం. అతను వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు వేరే ఖాతాల్లోకి వెళ్లిపోతుంది. యూపీఐ లావాదేవీ నంబరు, చాట్, అమ్మినవాడి ప్రొఫైల్ స్క్రీన్‌షాట్, స్కాన్‌లో ఫెయిలైన టికెట్ అన్నీ దాచుకోవాలి. నేరం బెంగళూరులో జరిగిందని గుంటూరు స్టేషన్‌లో వెనక్కి పంపితే, ఏ ప్రాంతంలో జరిగిన నేరానికైనా సమాచారం తీసుకోవాలని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173ను చూపించమనండి. ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లోపు స్టేషన్‌కు వెళ్లి సంతకం చేయాలి. అది మరిచిపోవద్దని చెప్పండి.