ఫ్యాన్ల విమానం ఎక్కొచ్చా? పాఠకుల ప్రశ్నలకు హ్యాంగర్ ఇంజనీరు జవాబులు

(రెండు ఇంజన్ల టర్బోప్రాప్, అంటే బయట ఫ్యాన్లు తిరిగే విమానాల ప్రమాదాల గురించి అడిగిన పాఠకులకు ఈ నెల జవాబులు. రాస్తున్నవారు చెన్నై మీనంబాకం విమానాశ్రయం హ్యాంగర్లలో (విమానాల షెడ్లలో) విమానాల మరమ్మతు పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కావలిలో ఉంటున్నారు.)

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం. పండక్కి ఫ్యాన్ల విమానంలో రేణిగుంటకొచ్చి, అక్కణ్నుంచి కారులో ఇంటికొస్తుంది. బ్రెజిల్‌లో అలాంటి విమానమే గిరగిరా తిరుగుతూ పడిపోయిన వీడియో చూసినప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. అది ఎక్కొద్దని చెప్పనా అండీ? – ఒక తల్లి, నెల్లూరు

చెప్పొద్దమ్మా. రానివ్వండి. మీ భయం నాకు అర్థమైంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బయట ఫ్యాను కనపడుతుంది కాబట్టి పాతకాలపు విమానం అనుకుంటారు చాలామంది. దాని వెనక ఉన్నది జెట్ విమానంలో ఉండేలాంటి టర్బైన్ ఇంజనే. ఆ టర్బైన్ శక్తితో ఫ్యాను తిరుగుతుంది. గంట, గంటన్నర ప్రయాణాలకు ఇంధనం తక్కువ తాగుతుంది కాబట్టి ఈ రకం విమానాలు వాడతారు. మీ అమ్మాయి ఎక్కే ఏటీఆర్ 72 లాంటివి ఈనాటికీ ఫ్రాన్స్‌లో కొత్తవి తయారవుతున్నాయి.

మీరు చూసిన వీడియో 2024 ఆగస్టు 9న సావో పౌలో దగ్గర విన్యేదో ఊళ్లో తీసింది. అందులో ఉన్న 62 మందీ పోయారు. మేఘాల్లో ఎగురుతుండగా రెక్కల మీద మంచు పేరుకుంటోందన్న హెచ్చరికలు వచ్చాయనీ, చాలా మంచు పడుతోందని కో-పైలట్ అన్నాడనీ ప్రాథమిక నివేదికలో ఉంది. మంచు పేరుకుంటే రెక్క ఆకారం మారిపోతుంది. వేగం తగ్గినకొద్దీ రెక్క విమానాన్ని మోయలేక వదిలేస్తుంది. దాన్నే స్టాల్ అంటారు.

నెల్లూరు ఎండల్లో మంచేమిటి అంటారేమో. రోహిణి కార్తెలో కూడా మన నెత్తిన సుమారు 16 వేల అడుగుల పైకి పోతే సున్నా డిగ్రీల కిందే ఉంటుంది. ఏటీఆర్ ఎగిరేది కూడా దాదాపు ఆ ఎత్తుల్లోనే. పెద్ద జెట్‌లు త్వరగా మేఘాలు దాటి పైకి పోతాయి, ఇవి మేఘాల మధ్యే ఎక్కువసేపు ఉంటాయి. అందుకే రెక్కల ముందు అంచున రబ్బరు పట్టీలు ఉంటాయి. వాటిలోకి గాలి కొడితే ఉబ్బి, పేరుకున్న మంచును పగలగొడతాయి. హ్యాంగర్లో ఆ పట్టీల్లో సూదంత చిల్లి కోసం చేత్తో తడిమి తడిమి చూసేవాళ్లం. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ పడి 68 మంది పోయారు. దాని రెక్క మీద మంచు సరిగ్గా ఆ పట్టీ అందని చోట, దాని వెనక పేరుకుంది. ఆ తర్వాత పట్టీల వెడల్పు పెంచారు. మన దక్షిణాది పైలట్లకు ఒక వెసులుబాటు ఉంది. కొన్ని వేల అడుగులు కిందికి దిగితే చాలు, వెచ్చటి గాలి తగిలి మంచు కరిగిపోతుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో ఊరి దగ్గర డాష్ 8 అనే ఫ్యాన్ల విమానం ఒక ఇంటి మీద పడింది. విమానంలో 49 మంది, ఆ ఇంట్లో ఒకరు పోయారు. అది కూడా మంచు వల్లే జరిగిందని మొదట అందరూ అన్నారు. దర్యాప్తులో తేలింది వేరు. వేగం తగ్గిపోయిందని స్టిక్ (పైలట్ చేతిలో ఉండే, విమానం ముక్కును ఎత్తీ దించే కాడ) వణికి హెచ్చరిస్తే, ముక్కు కిందికి దించాల్సిన కెప్టెన్ స్టిక్‌ను వెనక్కి లాగాడు. కో-పైలట్ ముందు రాత్రంతా దేశం ఆ చివర నుంచి వేరే విమానాల్లో ప్రయాణం చేసి డ్యూటీకొచ్చింది. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఊరుకోలేదు. ఏడాదికి పైగా వాషింగ్టన్ చుట్టూ తిరిగి 2010లో కొత్త చట్టం తెప్పించుకున్నాయి. దాని వల్లే ఇప్పుడు అక్కడ ప్రయాణికుల విమానంలో కో-పైలట్‌గా కూర్చోవాలంటే సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలి. పైలట్ల విశ్రాంతి నిబంధనలూ మారాయి. ఆ కుటుంబాలంటే నాకు ఎంతో గౌరవం.

మీ అమ్మాయికి జాగ్రత్త చెప్పాలనుకుంటే రేణిగుంటలో దిగాక నాయుడుపేట మీదుగా వచ్చే కారు గురించి చెప్పండమ్మా. రాత్రిపూట డ్రైవరు నిద్రమత్తులో ఉంటే ఎక్కొద్దనండి.

ప్రశ్న: ఉన్న రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోతే విమానం పడిపోతుందా సార్? – ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

పడదు నాయనా. రన్‌వే మీద పరుగు తీస్తూ ఇక ఆగలేని వేగం దాటాక ఒక ఇంజన్ పోయినా, రెండోదానితో గాల్లోకి లేచి, ఎత్తు పెరిగి, చుట్టూ తిరిగొచ్చి దిగగలగాలి. అది నిరూపించకుండా ఏ ప్రయాణికుల విమానానికీ అనుమతి ఇవ్వరు. ఆగిన ఇంజన్ కంటే, ఆగిందని తెలిసిన మొదటి అర నిమిషంలో కాక్‌పిట్‌లో జరిగేదే నాకు ఎక్కువ భయం.

తైవాన్‌లో 2015 ఫిబ్రవరి 4 నాటి తైపే ప్రమాదం సంగతి నువ్వు చదివి తీరాలి. 58 మందితో ఒక ఏటీఆర్ 72 లేచింది. లేచిన కాసేపటికే కుడి ఇంజన్ హెచ్చరిక వచ్చింది. నిజానికి ఆ ఇంజన్‌లో ఏమీ విరగలేదు. ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలో అతుకు సరిగా లేక సంకేతం తెగిపోతూ వచ్చింది. ఇంజన్ చచ్చిపోయిందనుకుని యంత్రాంగం కుడి ఫ్యాను ఆకుల్ని గాలిని తొయ్యకుండా తనంతట తానే తిప్పేసింది. ఎడమ ఇంజన్ నిక్షేపంగా పనిచేస్తోంది. కెప్టెన్ ఆ ఎడమ ఇంజన్ లివరే (శక్తి పెంచి తగ్గించే మీట) వెనక్కి లాగాడు. తర్వాత దాన్ని ఆపేశారు. తప్పు వైపు లాగానని ఆయన అన్న మాట రికార్డరులో ఉంది. అప్పటికి కింద ఎత్తు లేదు. విమానం ఒక వంతెనను రాసుకుంటూ కీలుంగ్ నదిలో పడింది. 43 మంది పోయారు.

ఇది ఫ్యాన్ల వల్ల వచ్చిన తప్పు కాదు. 1989 జనవరిలో ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ జెట్‌లోనూ మంచి ఇంజన్‌నే ఆపారు. 47 మంది పోయారు. అందుకే పైలట్లకు నేర్పే పద్ధతి ఇలా ఉంటుంది: విమానం నడిపేవాడు ముందు దాన్ని తిన్నగా ఎగరనివ్వాలి, కొంత ఎత్తు చేరేదాకా ఏ లివరూ ముట్టుకోకూడదు. ఆ తర్వాత ఒకరు లివర్ మీద చెయ్యి పెట్టి ‘ఇదేనా?’ అని అడగాలి, రెండోవారు మీటర్లు చూసి ‘అదే’ అనాలి. అప్పుడే కదిలించాలి. తైపేలో ఆ అడగడం, చూడడం, చెప్పడం జరగలేదు. పది సెకన్లు ఆగి ఉంటే ఆ విమానం ఒక ఇంజన్‌తోనే తిరిగొచ్చి దిగేది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది.

ప్రశ్న: నేపాల్‌లో పోఖరా ప్రమాదంలో రెండు ఇంజన్లూ తిరుగుతూనే ఉన్నాయని పేపర్లో చదివాను. మరి ఎందుకు పడింది? – ఒక ఉపాధ్యాయుడు, కనిగిరి

ఇంజన్లు తిరిగాయి, కానీ ఫ్యాన్లు గాలిని తొయ్యలేదు మాస్టారూ. ఫ్యాను ఆకుల్ని వాటి మొదలు దగ్గర తిప్పి కోణం మార్చొచ్చు. పులికాట్‌లో పడవవాళ్లు తెడ్డు పలకను అడ్డంగా పెట్టి లాగితే పడవ కదులుతుంది, అంచు మీదికి తిప్పితే నీళ్లు జారిపోతాయి. ఆకుల్ని అలా గాలికి అంచు చూపేలా తిప్పడాన్ని ఫెదర్ చెయ్యడం అంటారు. ఇంజన్ ఆగినప్పుడు ఆ ఫ్యాను విమానాన్ని వెనక్కి లాగకుండా ఉండడానికి అది చేస్తారు. పనిచేసే ఇంజన్‌కు చేస్తే తోపు మొత్తం పోతుంది.

2023 జనవరి 15న, కొత్త విమానాశ్రయం తెరిచిన రెండు వారాలకు, దిగడానికి వస్తున్న ఏటీఆర్‌లో నడుపుతున్న పైలట్ ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున దించే పలకలు) ఇంకొంచెం దించమన్నారు. పక్కనున్న పైలట్ ఫ్లాప్ లివర్‌కు బదులు ఫ్యాన్లను ఫెదర్ చెయ్యడానికి వాడే రెండు కండిషన్ లివర్లనూ ఫెదర్‌లోకి లాగారు. నివేదికలో ఉన్నది ఇదే. శక్తి రావట్లేదని అనుకున్నారు గానీ ఎందుకు రావట్లేదో ఇద్దరిలో ఎవరూ లివర్ల వైపు చూడలేదు. 72 మందీ పోయారు. వాళ్లలో మన దేశం వాళ్లు ఐదుగురు.

ఆ రెండు లివర్ల పిడులూ ఒకేలా ఉండవు, అమరికా వేరు. అయినా ఒక చెయ్యి అలవాటు కొద్దీ తప్పు చోటికి పోయింది. పైలట్‌ను తిట్టి ఊరుకోవడం నాకు నచ్చదు. కొత్త రన్‌వే, కొండల మధ్య మలుపు, పక్కన శిక్షణ పొందుతున్న ఇంకో కెప్టెన్, తల నిండా పని. అలాంటి వేళ మీటలు చూసి, పేరు పలికి, అప్పుడు కదిలించే అలవాటు ఒక్కటే ఆ చేతిని ఆపగలిగేది.

ప్రశ్న: మాది లారీ షెడ్డు. ఒక బండి పార్టు ఇంకోదానికి సరిపోతే వేసి పంపిస్తాం. విమానాల్లో కూడా అలా జరుగుతుందా అన్నా? – ఒక మెకానిక్, కందుకూరు

జరిగింది తమ్ముడూ. జరిగి 16 మంది పోయారు. ఈ ప్రశ్న అడిగినందుకు నీకు నమస్కారం పెట్టాలి. నువ్వూ నేనూ ఒకే పని చేసేవాళ్లం కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

2005 ఆగస్టులో ట్యునీషియాకు చెందిన ఒక ఏటీఆర్ 72లో ఇంధనం మీటరు పాడైంది. ఏటీఆర్ 42 అని దీనికంటే చిన్న తమ్ముడు విమానం ఒకటుంది. దాని మీటరు కూడా అదే సైజు, అదే గాడి, అదే ప్లగ్గు. స్టోరు కంప్యూటరులోని పార్టుల జాబితా సరిగా లేదు. దాన్ని నమ్మి ఆ చిన్న విమానం మీటరు తెచ్చి బిగించారు. చక్కగా కూర్చుంది, వెలిగింది, అంకెలు చూపింది. కానీ చిన్న విమానం ట్యాంకులకు తగ్గట్టు లెక్కేసే మీటరు అది. పెద్ద ట్యాంకుల్లో పెడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది.

మరునాడు, ఆగస్టు 6న, ఆ విమానం ఇటలీలోని బారీ నుంచి జెర్బాకు 39 మందితో బయల్దేరింది. అంతకుముందు బారీకి బయల్దేరేటప్పుడే, ఉండాల్సినదానికంటే మీటరు ఎక్కువ చూపుతుంటే, ఆ ఎక్కువ ఎప్పుడు పోశారో చెప్పే చీటీ కనపడలేదు. అయినా బయల్దేరారు. 23 వేల అడుగుల మీద ఒక ఇంజన్ ఆగింది, కాసేపటికి రెండోదీ ఆగింది. ట్యాంకులు ఖాళీ అయ్యాక కూడా మీటరు సుమారు 1,800 కిలోలు ఉందనే చూపింది. ఇంధనం తక్కువైందని వెలగాల్సిన దీపం కూడా ఆ మీటరు లెక్క మీదే ఆధారపడి ఉంది కాబట్టి వెలగలేదు. ఇంధనం ఉందని నమ్మిన పైలట్లు ఇంజన్లు మళ్లీ రాజేయడానికి పెనుగులాడారు, ఫ్యాన్లను ఫెదర్ చెయ్యలేదు. దిగాలనుకున్న ఇటలీలోని పలెర్మో చేరకుండానే సముద్రంలో దిగాల్సి వచ్చింది.

ఇందులో నాకు బాధ కలిగించేది ఆ మీటరు బిగించినవాడి సంగతి. అతను పని ఎగ్గొట్టలేదు. స్క్రూలు సరిగ్గానే బిగించి ఉంటాడు. పార్టు నంబరును మాన్యువల్‌లో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం పోల్చి ఉంటే, బిగించాక ట్యాంకులో పుల్ల పెట్టి కొలిచి ఉంటే అక్కడే తెలిసేది. మా హ్యాంగర్లో రాత్రి డ్యూటీల్లో టార్చిలైటు పట్టుకుని నంబరు ఒకడు పైకి చదివేవాడు, ఇంకొకడు పుస్తకంలో వేలు పెట్టి చూసేవాడు. కొత్త కుర్రాళ్లు సిగ్గుపడేవాళ్లు. పట్టుబట్టి చదివించేవాణ్ని.

రెండోది 2003 జనవరి 8, అమెరికాలో షార్లెట్. బీచ్ 1900 అనే 19 సీట్ల విమానం లేచీ లేవగానే ముక్కు నిటారుగా పైకెత్తి పడిపోయింది. 21 మంది పోయారు. రెండు రోజుల ముందు తోక దగ్గర ఎలివేటర్ (విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కేబుళ్ల బిగువు సరిచేశారు. మాన్యువల్‌లో ఉన్న కొన్ని మెట్లు వదిలేశారు, దాంతో ఎలివేటర్ కిందికి పూర్తిగా కదలకుండా పోయింది. పని నేర్పినవాడే తనిఖీదారు కూడా. చేసినవాడి కన్ను తన తప్పును చూడదు. అందుకే స్టీరింగ్‌లాంటి ప్రాణాధారమైన చోట పని చేస్తే ఇంకొకడొచ్చి విడిగా చూసి సంతకం పెట్టాలని మా రూలు.

మన దేశంలోనూ 2022 ఫిబ్రవరిలో ముంబై నుంచి భుజ్ వెళ్లే ఏటీఆర్ ఇంజన్ పై మూత బయల్దేరేటప్పుడు ఊడి రన్‌వే దగ్గర పడింది. విమానం భుజ్‌లో క్షేమంగా దిగింది. నీ షెడ్డులో కూడా బ్రేకు, స్టీరింగ్ పని చేసినప్పుడు బండి బయటికి పోయేముందు ఇంకో మనిషిని పిలిచి చూపించు తమ్ముడూ.

ప్రశ్న: విమానం సగం ఖాళీగా ఉన్నా నన్ను వెనక సీటుకు మారమన్నారు. ఎందుకు? – ఒక పాఠకుడు, గూడూరు

బరువు ముందూ వెనకా సమంగా పడాలి. 70 సీట్ల విమానంలో పది మంది చోటు మారితే తేడా తెలుస్తుంది. పైన చెప్పిన షార్లెట్ విమానంలో కేబుల్ తప్పుకు తోడు తోకలో బరువు హద్దు మించింది. కాగితం మీద లెక్క సరిపోయింది, ఎందుకంటే మనిషికి వాళ్లు వేసిన సగటు బరువు అసలు మనుషులకంటే తక్కువ. ఆ తర్వాత అమెరికాలో ఆ సగటు పెంచారు. మారమంటే మారండి. టేకాఫ్ అయ్యాక మళ్లీ ముందుకు రావాలనిపిస్తే ఎయిర్ హోస్టెస్‌ను అడిగి రండి.

ప్రశ్న: దగదర్తిలో విమానాశ్రయం వస్తే ఈ విమానాలే వస్తాయా? అక్కడ ప్రమాదాలకు ఏవైనా ప్రత్యేక కారణాలుంటాయా? – ఒక రైతు, అల్లూరు

మొదట ఇవే వస్తాయని నా అంచనా. ఏటీఆర్‌కు సుమారు 1,400 మీటర్ల రన్‌వే చాలు, డెబ్బై మంది దొరికితే సీట్లు నిండుతాయి.

మీరు రొయ్యల గుంటల మధ్య ఉన్నారు కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ కొంగలు, నీటికాకులు ఎన్ని వాలతాయో. 1960 అక్టోబరు 4న అమెరికాలోని బోస్టన్‌లో ఎలెక్ట్రా అనే విమానం గోరింకల్లాంటి చిన్న పిట్టల గుంపులోకి దూసుకెళ్లి 62 మంది పోయారు. దానికి నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లున్నాయి, అయినా నిలవలేదు. గుంటలు తీసెయ్యమని రైతును అడగడం న్యాయం కాదు. చచ్చిన రొయ్యలు గట్టు మీద పారబొయ్యకుండా, కోడి వ్యర్థాలు రోడ్డు పక్కన కుమ్మరించకుండా చూడడం మాత్రం సాధ్యమే. ఏ నెలలో ఏ పిట్టలు ఎటు నుంచి ఎటు, ఎంత ఎత్తులో పోతాయో రన్‌వే దిశ ఖరారు చెయ్యకముందే ఏడాది పొడుగునా రాసుకోవాలి. మీ ఊరి పెద్దలు ఆ సర్వేకు వచ్చినవాళ్లను గుంటల మీదికి తీసుకెళ్లి తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి చూపించండి.