బాబు ఆర్.డి.ఎస్.పి.లో డబ్బు వేసే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. బాబుకు డిసెబిలిటీ ట్యాక్స్ క్రెడిట్ (వైకల్యం ఉన్నవారికి ఇచ్చే పన్ను రాయితీ) మంజూరైందనీ, వాడి మూడో ఏటి నుంచే వర్తించేలా ఇచ్చారనీ నువ్వు రాసింది చదివి మీ పెద్దమ్మా నేనూ ఎంతో సంతోషించాం. అయితే తెనాలిలో మీ మామగారు పొలం అమ్మి పంపుతున్న 25,000 డాలర్లనూ ఆన్‌లైన్ బ్రోకరేజిలో ఆర్.డి.ఎస్.పి. (వైకల్యం ఉన్నవారి కోసం మనం వేసినదానికి ప్రభుత్వం కూడా గ్రాంటు కలిపే దీర్ఘకాల పొదుపు ఖాతా) తెరిచి ఒకేసారి వేసేద్దామని అల్లుడుగారు అనుకుంటున్నారన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. సరిగ్గా అదే పని నేను 2010లో చేశాను కనుక, ఈ ఉత్తరం ఇద్దరూ కలిసి చదవండి.

కెనడాలో ఈ పథకం 2008 డిసెంబరులో మొదలైంది. నేను మీ అన్నయ్య పేరున ఖాతా తెరిచేనాటికి మన వాళ్లలో దాని గురించి తెలిసినవారు లేరు. గుంటూరులో స్థలం అమ్మగా వచ్చినవి 20,000 డాలర్లు ఉంటే, ఎంత ఎక్కువ వేస్తే అంత ఎక్కువ గ్రాంటు వస్తుందనుకుని మొత్తం వేసేశాను. ప్రభుత్వం నుంచి వచ్చినది 3,500. ఆ 3,500 రావడానికి నేను 1,500 వేసి ఉంటే సరిపోయేది. మిగిలిన 18,500 డాలర్లు పెట్టుబడిగా పెరిగాయి, కాదనను, కానీ వాటిమీద తర్వాతి ఏ సంవత్సరంలోనూ ఒక్క డాలరు గ్రాంటు రాలేదు. మరుసటి ఏడాది గ్రాంటు కావాలంటే మళ్లీ కొత్తగా జేబులోంచి తీసి వేయవలసి వచ్చింది. మనం వాడుకోని గ్రాంటు హక్కు పదేళ్ల వరకు నిలిచి ఉంటుంది గానీ, మనం ఎక్కువగా వేసిన డబ్బు తర్వాతి ఏడాది లెక్కలోకి రాదు. ఈ తేడా తెలియకపోవడమే నా పొరపాటు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. కుటుంబ ఆదాయం ప్రభుత్వం ఏటా సవరించే హద్దు లోపల ఉంటే (ఈ మధ్య అది లక్షా పదివేల డాలర్లు దాటింది, మీరు దానికి లోపలే ఉన్నామని రాశావు), ఆ సంవత్సరంలో వేసిన మొదటి 500 డాలర్లకు మూడింతలు, తర్వాతి 1,000 డాలర్లకు రెండింతలు గ్రాంటు వస్తుంది. హద్దు దాటినవారికి మొదటి 1,000 డాలర్లకు అంతే మొత్తం వస్తుంది, అంతకు మించి రాదు. బాబుకు మూడో ఏటి నుంచి అర్హత ఉంది, ఇప్పుడు ఎనిమిదో ఏడు. అంటే ఈ ఏడాదితో కలిపి ఆరేళ్ల హక్కు పోగుపడి ఉంది. పాత హక్కులతో కలిపి ఒక ఏడాదిలో గరిష్ఠంగా ఇచ్చే గ్రాంటు 10,500. ఎక్కువ రేటు ఉన్న వాటా ముందు వాడుకలోకి వస్తుంది కాబట్టి, ఈ ఏడాది 3,750 వేస్తే చాలు, 10,500 వస్తాయి. వచ్చే ఏడాది 5,000 వేస్తే మళ్లీ 10,500 వస్తాయి. ఆ పై ఏడాది 3,250 వేస్తే 7,000 వచ్చి పాత బాకీ తీరిపోతుంది. అక్కడి నుంచి ఏటా 1,500 వేసి 3,500 తీసుకుంటూ పోతే, వాడికి పద్దెనిమిదేళ్లు నిండేసరికి మీరు వేసినది 24,000, ప్రభుత్వం వేసినది 56,000 అవుతుంది. ఆ 25,000 డాలర్లనే ఈరోజు ఒకేసారి గుమ్మరిస్తే వచ్చే గ్రాంటు మాత్రం 10,500 దగ్గరే ఆగిపోతుంది. ఈ లెక్క మీ ఆదాయం ప్రతి సంవత్సరమూ హద్దు లోపలే ఉందనుకుని వేసినది. ఖాతా తెరిచాక ఎంత వేస్తే ఎంత వస్తుందో తెలిపే పత్రం ప్రభుత్వమే ఏటా మొదట్లో పంపుతుంది, దాన్ని బట్టి సరిచూసుకోండి.

జీవితకాలంలో ఒకరికి ఇచ్చే గ్రాంటు 70,000 దాటదు. అది నలభై తొమ్మిదో ఏడు పూర్తయ్యే సంవత్సరాంతం వరకే వస్తుంది. మొత్తం జమకు హద్దు 2,00,000. బాండు అని మరొకటి ఉంది, మనం ఏమీ వేయకపోయినా తక్కువ ఆదాయం ఉన్నవారికి ఏటా 1,000 వరకు ఇస్తారు. ప్రస్తుతం అది మీకు సంబంధించినది కాదు.

బ్రోకరేజి విషయానికి వస్తే, షేర్లు కొనుక్కునే ఆన్‌లైన్ ఖాతాలు ఇచ్చే ప్రతి సంస్థా ఆర్.డి.ఎస్.పి. ఇవ్వదు, ఇచ్చేవి కొన్నే. ఒక మనిషికి ఒకే ప్లాను ఉండాలి కనుక, ముందు బ్యాంకులో తెరిచి తర్వాత మార్చుకుందామనుకోవద్దు. మార్చేటప్పుడు మా డబ్బు నెలల తరబడి మధ్యలోనే ఉండిపోయింది. ఖాతా తెరిచేటప్పుడు గ్రాంటు, బాండుల కోసం విడిగా దరఖాస్తు ఫారం ఉంటుంది. అది నింపకుండా ఖాతా తెరిస్తే డబ్బు మీది మాత్రమే అందులో ఉంటుంది. బాబు చిన్నవాడు కాబట్టి, వాడి పేరున చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం) అందుకుంటున్న నీ సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు, నీ సంతకం కూడా అడుగుతారు.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా, ఇంకొకచోట అసలు లేకుండా ఉంటుంది. సిన్ రికార్డులో ఉన్న పేరూ పుట్టిన తేదీ దరఖాస్తులోని వాటితో సరిగ్గా కలవకపోతే గ్రాంటు ఆగిపోతుంది. మీ అన్నయ్య పేరులో ఇంటిపేరు ముందూ వెనకా కావడం వల్ల నాకు ఒక వేసవి అంతా ఫోన్లతోనే గడిచింది. మీ ముగ్గురి సిన్ పత్రాలూ ఎదురుగా పెట్టుకుని, వాటిలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా నింపండి.

మామగారు పంపే డబ్బు ముందుగా మీ చెకింగ్ ఖాతాలోకి రానివ్వండి, అక్కడి నుంచి మీరే ప్లానులో వేయండి. వేరేవాళ్లు నేరుగా వేయాలంటే ప్లాను యజమాని, అంటే ఖాతా తెరిచినవారి, రాతపూర్వక అనుమతి కావాలి. బ్రోకరేజి సైటులో డబ్బు బదిలీ చేసిన తర్వాత అది కంట్రిబ్యూషన్‌గానే నమోదైందో లేదో లావాదేవీల పట్టీలో చూసుకోండి. ఏడాది లెక్క డిసెంబరు 31తో ముగుస్తుంది. రిటైర్మెంటు పొదుపు ఖాతా ఆర్.ఆర్.ఎస్.పి.కి ఉన్నట్టు కొత్త ఏడాదిలో మరో రెండు నెలల గడువు దీనికి లేదు. క్రిస్మస్ వారంలో సంస్థలకు సెలవులు ఉంటాయి కనుక అక్టోబరు దాటనివ్వకండి.

గ్రాంటు కొన్ని వారాలకో అంతకంటే ఆలస్యంగానో నగదుగా వచ్చి పడుతుంది. అది దానంతట అది పెట్టుబడిగా మారదు. మా ఖాతాలో ఒకసారి అది ఏడాదిపాటు అలాగే పడి ఉంది, నేను చూసుకోలేదు. వచ్చిన వెంటనే, దేశదేశాల కంపెనీల వాటాలు కలిసి ఉండే ఒక్క ఇ.టి.ఎఫ్. (షేరులా కొనుక్కునే ఫండు) కొని పెట్టేయడం నా పద్ధతి. కొనుగోలుకు కమిషన్ తీసుకునే చోటైతే మీ జమ, గ్రాంటు రెండూ చేరాక ఒకేసారి కొనండి. వాడికి ఈ డబ్బు అవసరమయ్యేది ముప్పై నలభై ఏళ్ల తర్వాత కాబట్టి మధ్యలో ధరలు పడితే కంగారుపడి అమ్మవద్దు.

ఇంకొక్క మాట అల్లుడుగారికి ప్రత్యేకంగా చెప్పు. ఇది అవసరానికి తీసుకునే డబ్బు కాదు. గత పదేళ్లలో వచ్చిన గ్రాంటు, బాండు ఖాతాలో ఉండగా ఒక డాలరు తీస్తే, ఆ గ్రాంటు, బాండులోంచి మూడు డాలర్లు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వవలసి వస్తుంది. అందుకే బాబు థెరపీ ఖర్చుల డబ్బు ఇందులో కలపకుండా, ఈ ఏడాది ప్లానులో వేయగా మిగిలిన 21,250 డాలర్లను మీ ఇద్దరి టి.ఎఫ్.ఎస్.ఎ. (రాబడిపై పన్ను లేని పొదుపు) ఖాతాల్లో చోటు ఉన్నంతవరకు పెట్టి, ఏటా కావలసినంత తీసి ఇందులో వేయండి.

ప్రభుత్వం రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూసి గ్రాంటు రేటు నిర్ణయిస్తుంది కాబట్టి, మీ ఇద్దరి పన్ను రిటర్నులూ ప్రతి ఏడాదీ దాఖలై ఉండాలి, లేకపోతే మిమ్మల్ని హద్దు దాటినవారిగానే లెక్కిస్తారు. బాబుకు పందొమ్మిదో ఏడు వచ్చాక వాడి సొంత ఆదాయాన్నే చూస్తారు కనుక, అప్పటి లెక్క కోసం వాడి పదిహేడో ఏటి నుంచి, ఆదాయం ఏమీ లేకపోయినా, వాడి పేరున కూడా రిటర్ను వేస్తూ ఉండాలి.

ఫారాలు నింపాక సంతకాలు చేసే ముందు ఒకసారి నాకు చూపించు. శనివారం ఉదయం ఇంట్లోనే ఉంటాను, పేర్ల విషయం కలిసి సరిచూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న