కార్తీకంలో చెరువు చూడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

ఈ కార్తీకంలో మీ ఊరి చెరువు దగ్గర పిట్టల్నీ పురుగుల్నీ చూడటం మొదలుపెడతానని రాశావు. కాలం మంచిదే ఎంచుకున్నావు గానీ తేలికైనది కాదు. అక్టోబరు చివరి నుంచి నవంబరు ఆఖరు దాకా చెరువు వారం వారం మారిపోతుంటుంది. వానకాలపు తూనీగలు ఇంకా వెళ్లవు, వలస బాతులు అప్పుడే దిగుతుంటాయి. కొత్తవాళ్లు చాలామంది బొమ్మల పుస్తకం చేతబట్టుకుని అందులోని పిట్ట కోసం నీళ్లన్నీ గాలిస్తారు. నువ్వు ముందు నీళ్లను చూడు. ఎక్కడ లోతుందో, ఎక్కడ అంచు తేలిందో తెలిస్తే ఏ పిట్ట ఎక్కడుంటుందో సగం తెలిసినట్టే.

మన చెరువులకు ఒకవైపు కట్ట ఉంటుంది, దాని పక్కనే లోతు. ఎదురువైపు నేల మెల్లగా ఎత్తుకుంటూ పోయి పొలాల్లో కలుస్తుంది, అక్కడ నీళ్లు పలచన. నీటికాకులు, గూడబాతులు, పూర్తిగా మునిగి మేత వెతికే బాతులు కట్టవైపు లోతు నీళ్లలో ఉంటాయి. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు మెడ అందేంత లోతు చాలు, కాబట్టి అవి ఎదురొడ్డున జమ్ము, తుంగ పక్కన తిరుగుతాయి. ఉల్లంకి పిట్టలకైతే వేలెడు నీళ్లూ మెత్తటి బురదా కావాలి. చెరువు అలుగు దాకా నిండి ఉన్నప్పుడు ఆ బురద ఎక్కడుంటుంది? అందుకే ఈ నెలలో ఉల్లంకులు కనబడలేదని దిగులుపడకు. అలుగు కింద రాళ్ల మీద పారే పలచటి నీళ్లు చూడు, నీళ్లు తీసేసిన వరిమళ్లు చూడు. తూములు తెరిచి చెరువు తగ్గేకొద్దీ, పుష్యమాఘాల్లో అవే ఒడ్డుకు వస్తాయి.

అందువల్ల మొదటిరోజు చేయాల్సిన పని పిట్టల్ని లెక్కపెట్టడం కాదు, నీటిమట్టానికి ఒక గుర్తు పెట్టుకోవడం. తూము దగ్గర మెట్లుంటే పై నుంచి ఎన్నో మెట్టు దాకా నీరుందో రాసుకో. మెట్లు లేకపోతే కదలని బండ ఒకటి చూసుకో. వెళ్లిన ప్రతిసారీ ముందు ఈ ఒక్క ముక్క రాశాకే బైనాక్యులర్ ఎత్తు. రెండు మెట్లు తగ్గేసరికి ఏ జాతులు పోయాయో, ఏవి వచ్చాయో రెండు నెలల తర్వాత నీ పుస్తకమే నీకు చెబుతుంది. కొల్లేరు, పులికాట్ లాంటివి గొప్ప చోట్లే, కాదనను. కానీ వాటికి ఏడాదికొకసారి వెళ్లగలవు, ఇంటి దగ్గరి చెరువుకు వారం వారం వెళ్లగలవు. నేర్చుకోవడానికి రెండోదే మేలు.

బైనాక్యులర్ 8×42 తీసుకో. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లది ఇంకా బాగుంటుందని ఎవరైనా చెబితే వినకు. చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. ఇంకొక సంగతి చూసి మరీ కొను: రెండు మీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనబడాలి. లేకపోతే అది తూనీగలకు పనికిరాదు. కొన్నాక రెండు కళ్లకూ విడిగా సరిచేసుకోవాలి. కుడివైపు అద్దాన్ని అరచేత్తో మూసి, దూరంగా ఉన్న ఏదైనా అక్షరం మీద పెట్టి, మధ్య చక్రంతో ఎడమ కంటికి స్పష్టం చెయ్యి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే రింగు తిప్పి అదే అక్షరం స్పష్టం చెయ్యి. ఆ రింగు ఎక్కడుందో గుర్తు పెట్టుకో, ఇక దాన్ని కదపనక్కర్లేదు. ఇది చేయకపోవడం వల్లే చాలామందికి పావుగంటలో తలనొప్పి వస్తుంది, నింద మాత్రం బైనాక్యులర్ మీద పడుతుంది. నీకు కళ్లజోడు ఉంది కాబట్టి కళ్ల దగ్గరి రబ్బరు గొట్టాల్ని లోపలికి తిప్పేసి వాడు. పిట్ట కనబడగానే తల దించకు. చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తీసుకురా.

నవంబరు 12 మన దేశపు పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పుట్టినరోజు. ఆ రోజే మొదలుపెట్టాలనే ముచ్చట ఉంటే సరే, ఈ సర్దుబాట్లన్నీ అంతకు వారం ముందే మేడ మీద చేసి చూసుకో.

తెల్లవారే వేళకు ఒడ్డున ఉండాలి. పొద్దున తూర్పు ఒడ్డున నిలబడి పడమటికి చూస్తే సూర్యుడు నీ వీపు వెనక ఉంటాడు, రంగులు నిజంగా కనబడతాయి. పడమటి ఒడ్డున నిలబడితే ప్రతి బాతూ నల్లబాతే. సాయంత్రం దీనికి తిరగేసి. తొమ్మిదిన్నర, పది దాటాక నీటి మీద గాలి వేడెక్కి బొమ్మ అలల్లా కదులుతుంది. అది అద్దం లోపం కాదు, ఎంత ఖరీదైన అద్దమూ దాన్ని సరిచేయలేదు. అప్పుడు దూరపు పిట్టల్ని వదిలేసి తూనీగలకు మళ్లు. ఎండ ఎక్కితేనే అవి లేస్తాయి గనుక ఆ వేళ వాటిదే.

ఈ కాలంలో అందరూ తడబడేది బాతుల దగ్గర. పిల్లలు పెట్టడం అయ్యాక వలస బాతుల మగవి రంగులు రాల్చుకుని ఆడవాటిలా గోధుమరంగుకు మారతాయి. ఆ రోజుల్లోనే రెక్క ఈకలన్నీ ఒక్కసారి రాలిపోయి కొన్ని వారాలు ఎగరలేవు కూడా. శత్రువు కంట పడకుండా ఆ మట్టిరంగు కాపాడుతుంది. ఈకలు మొలిచి మన దాకా ఎగిరి వచ్చేటప్పటికీ చాలా మగబాతులు ఆ వేషంలోనే ఉంటాయి. పుస్తకంలోని బొమ్మ మాత్రం మాఘమాసంలో ఉండే రంగుల్ని చూపిస్తుంది. అందుకని ఈ నెలలో ఒంటి రంగును నమ్ముకోకు, ముక్కు చూడు. సూదితోక బాతుకు సన్నటి పొడుగు మెడ, బూడిదరంగు ముక్కు, గీతల్లేని సాదా ముఖం. షవలర్ ముక్కు తలకంటే పొడుగు, చివర గరిటెలా వెడల్పు, దాన్ని నీళ్లకు ఆనించి ఈదుతుంటుంది. గార్గనీ చిన్నది, కంటి మీదుగా ముదురు గీత, దాని పైనా కిందా లేత గీతలు, ముక్కు మొదట్లో తెల్లటి మచ్చ. దాని మగవాటికి రంగు అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. నల్లముక్కు చివర పసుపు, మొదట్లో ఎర్రచుక్కలు ఉంటే అది ఇక్కడే ఉండే స్పాట్‌బిల్ బాతు, ఏడాది పొడుగునా ఒకే వేషం. తెల్లటి తల మీద రెండు నల్ల పట్టెలున్న పెద్దబాతు ఒడ్డున నిద్రపోతూ కనబడితే లేపకు. హిమాలయాల మీదుగా వచ్చేది అదే. రాత్రి పొలాల్లో మేసి, పగలు చెరువు దగ్గర పడుకుంటుంది.

బాతులే కాదు, ఊరి పిట్టలు కూడా వేషం మారుస్తాయి. తామరాకుల మీద నడిచే నెమలితోక జకానాకు ఇప్పుడు ఆ పొడుగు తోక ఉండదు. బుడుబుంగ మెడ మీది ఎరుపు పోయి పాలిపోతుంది, పిల్ల అనుకోకు. నుదుట తెల్లనామంతో నల్లగా ఉండే నామాల కోడిని బాతుల లెక్కలో కలిపేయడం మరో పొరపాటు. లేచేటప్పుడు అది నీటి మీద చాలాదూరం పరుగెత్తుతుంది, స్పాట్‌బిల్, సూదితోక లాంటివి నిలువుగా లేస్తాయి. తెల్లకొంగల్లో చిన్నదానికి నల్లముక్కు, నల్లకాళ్లు, పసుపు పాదాలు. పెద్దదానికి నోటి గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. మధ్యదానికి ఆ గీత కంటి కిందే ఆగిపోతుంది. ముక్కు రంగు కాలాన్ని బట్టి మారుతుంది, గీత మారదు.

లెక్క వేసేటప్పుడు పది పిట్టల్ని విడిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో చూసి, గుంపులో అలాంటి ముక్కలు ఎన్నున్నాయో కొలువు. వందలు దాటితే యాభై చొప్పున. పెద్ద గుంపును ఎవరైనా తక్కువే అంచనా వేస్తారు, పైగా కొన్ని నీళ్లలో తలలు ముంచి ఉంటాయి. ఐదు నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టు. నీటికాకులు, బుడుబుంగలు మునిగి తేలుతుంటాయి గనుక రెండు లెక్కల్లో పెద్దది రాసుకో. బాతుల గుంపు మొత్తం ఉన్నట్టుండి లేచిందంటే వాటి వెంట చూడకు. జమ్ము మీదుగా రెక్కలు ఇంగ్లిషు V ఆకారంలో ఎత్తి కిందుగా తేలుతూ వచ్చే మార్ష్ హారియర్ అనే గద్ద ఉందేమో చూడు. అది చలికాలపు అతిథే.

కారణం హారియర్ కాక నువ్వే అయితే మాత్రం వెనక్కి తగ్గు. బాతులు లేవబోయే ముందు చెబుతాయి. మేత ఆపేస్తాయి, మెడలు నిటారుగా ఎత్తుతాయి, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఒడ్డు నుంచి దూరం జరుగుతాయి. మెడలు ఎత్తినప్పుడే ఆగిపోయి కూర్చో, రెండు మూడు నిమిషాల్లో మళ్లీ మేతకు దిగుతాయి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి కొవ్వు కరిగిపోయి ఉన్న పిట్టకు ఒక్కసారి అనవసరంగా లేవడం కూడా నష్టమే. మీ చెరువులో గూడబాతులో, ఎర్రకాళ్ల కొంగలో గూళ్లు కట్టిన చెట్లుంటే వాటి కిందికి అసలు పోకు. తల్లి లేవగానే కాకులు గుడ్ల మీద పడతాయి. ఫోన్లో కూత వినిపించి పిట్టను పిలవడం కూడా వద్దు. ఎవరో ఒకరు నీకది నేర్పబోతారు, నేర్చుకోకు.

ఇక తూనీగలు. పొద్దున్నే మంచు ఆరకముందు తుంగ పుల్లల మీద చలికి బిగుసుకుని ఉంటాయి. దగ్గరగా చూడటానికి, ఫొటోకు అదే సమయం. పిట్టల మధ్యలో రెండు నిమిషాలు కాళ్ల దగ్గరి గడ్డి కూడా చూడు. అసలు లెక్క మాత్రం పది నుంచి పన్నెండు మధ్య, ఎండ కాస్తున్నప్పుడే. కట్ట మీద వంద మీటర్లు కొలిచి పెట్టుకుని, ఇరవై నిమిషాల్లో నడుస్తూ, ఇరుపక్కలా రెండేసి మీటర్లలో ఉన్నవే రాసుకో. మబ్బు పట్టినరోజు లెక్కను ఎండరోజు లెక్కతో పోల్చకు. కూర్చున్నప్పుడు రెక్కలు విప్పి ఉంచేది తూనీగ, వీపు మీద ముడిచేది సన్నటి సూదితూనీగ. సూదితూనీగల్లో కొన్ని సగం విప్పే ఉంచుతాయి, అప్పుడు కళ్లు చూడు: తలకు రెండు కొసల్లో విడివిడిగా ఉంటాయి. ఫొటో ఒక్కటి చాలదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తోక చివర స్పష్టంగా ఒకటి తియ్యి. సూదితూనీగల జాతి తేల్చేది చాలాసార్లు ఆ చివరే.

దగ్గరికి వెళ్లేటప్పుడు నీ నీడ దాని మీద పడకూడదు. వంగి, నెమ్మదిగా, అడ్డంగా కదలకుండా వెళ్లు. ఎగిరిపోతే వెంటపడకు. పుల్ల చివర కూర్చునే జాతులు నిమిషంలో అదే పుల్లకు తిరిగొస్తాయి. మిట్టమధ్యాహ్నం తోకను నిట్టనిలువుగా సూర్యుడి వైపు ఎత్తి నిలబడితే వింత కాదు, ఒంటికి తగిలే ఎండ తగ్గించుకుంటోంది. అసలు కూర్చోకుండా తలపైన గుంపులుగా తిరిగే పసుపుపచ్చ తూనీగలు పంటాలా జాతివి. మాల్దీవుల్లో ఉండి వీటిని గమనించిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్, ఇవి ఇక్కడి నుంచి సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళతాయని 2009లో రాశాడు. నవంబరులో నాగాలాండ్ మీదుగా ఆఫ్రికాకు పోయే అముర్ డేగలు దారిలో వీటిని తింటాయని కూడా. గుంపు తిరిగేచోట తీగల మీద స్వాలోలు, బీ ఈటర్లు, ఏట్రింతలు కాచుకుని ఉంటాయి. పిట్టను పట్టుకుని పురుగును, పురుగును పట్టుకుని పిట్టను కనుక్కోవచ్చు.

తూనీగ ఎగురుతూ కనబడినంత మాత్రాన అది ఆ చెరువులో పుట్టిందని కాదు. జమ్ము కాడల మీద, నీటికి జానెడు పైన, వీపు చీలిన ఖాళీ డొల్లలు వెతుకు. చీలికలోంచి తెల్లటి దారాలు వేలాడుతుంటాయి, అవి ఊపిరి గొట్టాల లోపలి పొర. ఆ డొల్ల ఉంటేనే పుట్టిందని రాయి. రెక్కల్లో నారింజరంగు ఉండే చిన్నతూనీగ ఒక్కటే గుంపులుగా ఉండి మిగతావి కనబడకపోతే నీళ్లలోకి మురుగు కలుస్తోందని అనుమానించు. గుర్రపుడెక్క నీటిని పూర్తిగా కప్పేసిన మూల కూడా ఇలాగే ఉంటుంది.

సీతాకోకచిలుకల గురించి ఎక్కువ చెప్పను. పశువులు దిగే రేవులో చెమ్మ మట్టి మీద గుంపుగా వాలతాయి, ఉప్పు కోసం. గిలిగిచ్చ మొక్కలుంటే అక్కడ నీలి చారలవి ఆగుతాయి. నీటి పురుగుల్ని చేత్తో పట్టకు. వెల్లకిలా ఈదేదీ, వీపు మీద గుడ్లు మోసే వెడల్పాటిదీ రెండూ గట్టిగా కుడతాయి.

మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, మట్టిరంగు బట్టలు, చేతికర్ర తప్పనిసరి. తేలిన బురదను కర్రతో పొడిచి చూడకుండా కాలు పెట్టకు, పైన ఎండి లోపల నడుము దాకా ఉంటుంది. ఒత్తు గడ్డిలో ముందు కర్ర, తర్వాత కాలు. రక్తపింజర నువ్వొచ్చావని పక్కకు తప్పుకోదు. వాయుగుండం పట్టి అలుగు పోస్తున్నప్పుడు దాన్ని దాటే ప్రయత్నం వద్దు. చచ్చిన బాతులు రెండు మూడు ఒకేచోట కనబడితే ముట్టుకోకుండా ఫొటో తీసి పశువైద్యశాలలోనో అటవీశాఖ వాళ్లకో చెప్పు.

పుస్తకంలో నీటిమెట్టు, మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ, మబ్బు, గాలి ముందు రాయి. గుర్తుపట్టలేని పిట్టకు ఊహించి పేరు పెట్టకు. ముక్కు తలతో పోలిస్తే ఎంత పొడుగు, కాళ్ల రంగేమిటి, ఎగిరినప్పుడు రెక్కలో తెలుపు ఎక్కడ కనబడింది, ఈ మూడూ రాసి నాకు పంపు. ఫోన్లో యాప్ చెప్పిన పేరు ఉంటే దాన్ని పక్కన విడిగా రాయి, నువ్వు చూసినదానితో కలపకు. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించేటప్పుడు కనబడిన జాతులన్నీ ఎక్కించు, కాకిని కూడా. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. అప్పటికి నీ చేతిలో మీ చెరువు లెక్కలు ఎనిమిది వారాలవి ఉంటే చాలు, వాళ్లతో కలవవచ్చు.

ఉంటాను,
పెదనాన్న