2012 నాటి ల్యాప్‌టాప్, విండోస్ 7. బ్యాంకు పనులకు ఏ యాంటీవైరస్ వేసుకుంటే మంచిది?

మీరిచ్చిన వివరాలు ఇవీ: మూడో తరం కోర్ ఐ5, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. ఆన్ చేశాక పనిలోకి రావడానికి చాలాసేపు పడుతోంది, బ్యాంకు సైటు తెరిస్తే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తోంది, దానికి మంచి యాంటీవైరస్ కావాలి. నేను ఏ యాంటీవైరస్ పేరూ చెప్పను. ఆ ల్యాప్‌టాప్ ఇంకా చాలా ఏళ్ళు పనికొస్తుంది. తీసేయాల్సినవి దాంట్లోని విండోస్ 7, తిరిగే హార్డ్‌డిస్క్.

విండోస్ 7కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. డబ్బు కట్టిన సంస్థలకు ఇచ్చినవీ 2023 జనవరితో అయిపోయాయి. క్రోమ్ అయితే దాని మీద 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. ఆ తర్వాత బయటపడ్డ లొసుగులు మీ మెషీన్‌లో అలాగే తెరుచుకుని ఉన్నాయి. యాంటీవైరస్ ప్రధానంగా చేసేది, లోపలికి వచ్చిన ఫైలో ప్రోగ్రామో తనకు తెలిసిన చెడ్డవాటిలా ఉందా, అలా ప్రవర్తిస్తోందా అని చూడటం. లొసుగును పూడ్చడం దానివల్ల కాదు. గడియ ఊడిపోయిన తలుపును అలాగే వదిలేసి ముందు కాపలా మనిషిని కూర్చోబెట్టినట్టు ఉంటుంది. పైగా ఆ కాపలా మనిషి చేతిలో ఇంటి తాళాలన్నీ ఉంటాయి. యాంటీవైరస్ సిస్టమ్‌లో అత్యున్నత అధికారాలతో నడుస్తుంది కాబట్టి దాంట్లోనే లోపం ఉంటే దాడి నేరుగా అక్కడికే చేరుతుంది. 2016 జూన్‌లో లొసుగులు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో వాళ్ళు, నార్టన్ యాంటీవైరస్ చేసిన సిమాంటెక్ ఇంజిన్‌లో సరిగ్గా ఇలాంటి లోపాలే బయటపెట్టారు. ఆ ఇంజిన్ కుదించిన ఫైళ్ళను విప్పి చూసే పనిని విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలే చేసేది. మెయిల్‌లో ఫైలు వస్తే చాలు, మనిషి దాన్ని తెరవక్కర్లేదు.

‘నా పాత ల్యాప్‌టాప్ మీద ఎవరు దాడి చేస్తారు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ రకం పురుగు వానాక్రై ఎలా పాకిందో తెలిస్తే ఆ మాట రాదు. విండోస్‌లో ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్. దాంట్లో ఒక లొసుగు ఉంది, దాన్ని వాడుకునే పనిముట్టు పేరు ఎటర్నల్ బ్లూ. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ఆ లొసుగును పూడ్చే ప్యాచ్ ఇచ్చింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా ఆ పనిముట్టును బయట పెట్టేసింది. మే 12న వానాక్రై వచ్చింది. ప్యాచ్‌కీ దాడికీ మధ్య 59 రోజుల గడువు ఉంది. వానాక్రై ఎవరినీ ఎంచుకోలేదు. ఇంటర్నెట్‌లోనూ, అంటుకున్న మెషీన్ ఉన్న నెట్‌వర్క్‌లోనూ కనబడ్డ ప్రతి అడ్రసుకీ వెళ్ళి ఎస్‌ఎంబీ వాడే ద్వారం, అంటే 445వ పోర్టు, తెరిచి ఉందా అని తట్టి చూసింది. తెరిచి ఉంటే దూరింది. లింకు నొక్కడం, అటాచ్‌మెంట్ తెరవడం లాంటివేమీ అక్కర్లేదు, ఆన్‌లో ఉన్న కంప్యూటర్ చాలు. ఫైళ్ళకు తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది, మూడు రోజులు దాటితే 600 అంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి.

ఆ రోజు అది నెమ్మదించడానికి కారణం కూడా చెప్పుకోవాలి. పని మొదలుపెట్టే ముందు అది ఒక అర్థంపర్థం లేని పొడవాటి డొమైన్‌ని పలకరించేది. జవాబు వస్తే నోరు మూసుకునేది. అప్పటికి ఆ డొమైన్ ఎవరి పేరునా లేదు. మార్కస్ హచిన్స్ అనే పరిశోధకుడు దాన్ని రిజిస్టర్ చేయగానే కొత్త మెషీన్లలో ఫైళ్ళకు తాళాలు పడటం ఆగింది. కానీ ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ ద్వారా మాత్రమే బయటికి వెళ్ళే ఆఫీసు నెట్‌వర్క్‌ల్లో ఆ పలకరింపు డొమైన్ దాకా చేరదు, అందుకని అక్కడ ఈ ఊరట దక్కలేదు.

అప్పట్లో నింద అంతా మద్దతు ఆగిపోయిన పాత విండోస్ ఎక్స్‌పీ మీద వేశారు. నిజానికి వానాక్రై అంటిన వాటిలో అత్యధికం విండోస్ 7 మెషీన్లు, అప్పటికి భద్రతా అప్‌డేట్లు ఇంకా అందుతున్నవే. ఎక్స్‌పీ మీద ఆ పురుగు సరిగా నడవక చాలాసార్లు బ్లూ స్క్రీన్‌తో సిస్టమే పడిపోయేది. అందుకే మెషీన్ వయసు, ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) పేరు కాదు, చివరి ప్యాచ్ ఏ తేదీదో అడగాలంటాను. 2019 మేలో బ్లూకీప్ అనే ఇంకో లొసుగు బయటపడితే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది. ఇవాళ అలాంటిది విండోస్ 7లో బయటపడితే ఇస్తుందన్న భరోసా లేదు. ఇంట్లో రౌటర్ వెనక ఉన్నంతసేపు 445 లాంటి పోర్టులు బయటికి కనబడవు, ఆ రక్షణ నిజమే. పబ్లిక్ వైఫైలో కలిస్తే అది ఉండదు. బ్రౌజర్ ద్వారా వచ్చేదానికి రౌటర్ అడ్డే కాదు.

ఇక మీ సర్టిఫికెట్ హెచ్చరిక. సైటు అసలుదేనని చెప్పే గుర్తింపు పత్రమే సర్టిఫికెట్, దానికి గడువు ఉంటుంది, ల్యాప్‌టాప్ తేదీ తప్పైతే గడువు లెక్కా తప్పుతుంది. అందుకని ముందు ల్యాప్‌టాప్‌లో తేదీ చూడండి. చార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీసి కాసేపాగి ఆన్ చేసినప్పుడు తేదీ ఏళ్ళ వెనక్కి పోతే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయినట్టే. అది 3 వోల్టుల సీఆర్2032. ల్యాప్‌టాప్‌లలో చాలావరకు రెండు వైర్లు, కనెక్టరు ఉన్న రకం ఉంటుంది, వైర్ల చివర కనెక్టరు అదేనో కాదో చూసి కొనండి. తేదీ సరిగానే ఉంటే మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారంగా సిస్టమ్‌లో ఉండే మూల సర్టిఫికెట్లు పాతబడి ఉండొచ్చు. ఎన్నో సైట్లు ఆధారపడ్డ ఒక మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30న తీరిపోయింది, అప్‌డేట్ లేని సిస్టమ్‌లు ఆ రోజు నుంచి మంచి సైట్లను కూడా అనుమానించడం మొదలుపెట్టాయి. కారణం ఏదైనా, బ్యాంకు సైటులో ‘అయినా ముందుకెళ్ళు’ నొక్కవద్దు. మధ్యలో ఎవరో కూర్చుని వింటున్నప్పుడు వచ్చేది కూడా అదే హెచ్చరిక.

నెమ్మది సంగతి. 5400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్‌లో ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళి, కావలసిన భాగం తిరిగి దాని కిందికి వచ్చేసరికి 15 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఓఎస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్ళు చదవాలి. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీలో ఒక్కో చదువుకు 0.1 మిల్లీసెకను చాలు. ప్రాసెసర్ మార్చాలన్న ఆలోచన వద్దు, మీ ఐ5కి బలం సరిపోతుంది. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 240 జీబీ, కొనండి. అది 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో డిస్కు గూడు 9.5 మిల్లీమీటర్లదైతే 2.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఫ్రేము పెట్టాలి, లేకపోతే కనెక్టరు దగ్గర ఊగి పట్టు తప్పుతుంది. ర్యామ్‌కి 204 పిన్నుల ల్యాప్‌టాప్ డీడీఆర్3 స్టిక్కు. 1.35 వోల్టుల ‘ఎల్’ రకం 1.5 వోల్టుల మీద కూడా నడుస్తుంది కాబట్టి అదే తీసుకోండి. తర్వాతి తరం ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ ‘ఎల్’ రకాన్నే ఒప్పుకుంటాయి, స్టిక్కు అక్కడా పనికొస్తుంది. మొత్తం 8 జీబీ అయితే చాలు.

పాత డిస్కును విప్పే ముందు దాని ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదిక చూడండి, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ చాలు. పాడైన భాగాల లెక్క చెప్పే 05, సీ5 వరుసల ఎదురుగా ముడి విలువ సున్నా కాకపోతే ఆ డిస్కును ఇక నమ్మడానికి లేదు. అప్పుడు చెక్‌డిస్క్, డీఫ్రాగ్ నడపకండి. అవి డిస్కంతా తిరుగుతాయి, మిగిలిన ప్రాణం దాంట్లోనే పోవచ్చు. ముందు ఫోటోలు, పత్రాలు బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ కేబుల్ పీకి పక్కన పెట్టండి. పీకడం ముఖ్యం, తగిలించి ఉన్న బ్యాకప్‌ని ర్యాన్సమ్‌వేర్ కూడా తాళం వేస్తుంది. విప్పేటప్పుడు చార్జర్, పెద్ద బ్యాటరీ తీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత స్క్రూల జోలికి వెళ్ళండి. బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉంటే దాన్ని మళ్ళీ పెట్టనే వద్దు, చార్జరు మీద నడపండి.

ఆన్ చేయగానే ముందు నడిచే బయోస్ సెట్టింగుల్లో, డిస్కుతో మాట్లాడే పద్ధతి (సాటా మోడ్) ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చండి. పాత విండోస్ ఉండగా మారిస్తే 7బీ బ్లూ స్క్రీన్ వస్తుంది, కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తున్నాం కాబట్టి ఆ గొడవ ఉండదు.

ఓఎస్ విషయంలో నా సలహా విండోస్ బదులు వాడే ఉచిత ఓఎస్ లినక్స్ మింట్ 22, దాంట్లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. దానికి అప్‌డేట్లు 2029 ఏప్రిల్ దాకా ఉన్నాయి. కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటుంది, 4 ఉంటే హాయి. ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ ఫైలు దించుకున్నాక, దాని వేలిముద్ర లాంటి షా256 సంఖ్య సరిచూడండి, దాంతో ఆగకుండా ఆ సంఖ్యల ఫైలు మీద మింట్ వాళ్ళు తమ రహస్య తాళంతో వేసిన జీపీజీ సంతకం కూడా సరిచూడండి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైటులోకే దొంగలు చొరబడి, ఐఎస్‌ఓ లింకును దొంగదారి పెట్టిన ఫైలు వైపు మళ్ళించారు. సైటే వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు దాని మీద రాసిన షా సంఖ్యను కూడా వాళ్ళు మార్చగలరు, సంతకాన్ని మాత్రం మార్చలేరు.

ఆ ఐఎస్‌ఓని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయండి. మూడో తరం మెషీన్లలో కొన్ని పాత బయోస్ పద్ధతిలో, కొన్ని దాని తర్వాత వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతిలో లేస్తాయి. పెన్‌డ్రైవ్ కనబడకపోతే రూఫస్‌లో పార్టిషన్ పద్ధతిని జీపీటీ నుంచి ఎంబీఆర్‌కి మార్చి మళ్ళీ రాయండి. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ లేచాక ఇన్‌స్టాల్ నొక్కకుండా ముందు వైఫై, శబ్దం, వెబ్‌క్యామ్, మూత మూసి తెరిచినప్పుడు మేలుకోవడం చూడండి. వైఫై రాకపోతే చాలాసార్లు అది బ్రాడ్‌కామ్ చిప్పు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ మేనేజర్ తనే సరైనది వేస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకోండి. మీ ఐ5లో దానికి కావలసిన ప్రత్యేక సూచనలు ఉన్నాయి, వేగం తగ్గినట్టు తెలియదు. అదే తరం ఐ3లో అవి లేవు, అక్కడ కాస్త తెలుస్తుంది. తర్వాత రెండు పనులు: ఫైర్‌వాల్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. అప్‌డేట్ మేనేజర్‌లో ఆటోమేషన్ ఆన్ చేయండి.

ఇంకో లాభం గురించి ఎవరూ చెప్పరు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోనే ఉన్న స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లొసుగులు బయటపడ్డప్పుడు ఇంటెల్ మీ తరం ప్రాసెసర్లకు కూడా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది. వాటిని బయోస్‌లో పెట్టి ఇవ్వాల్సిన ల్యాప్‌టాప్ కంపెనీలు పాత మోడళ్ళను చాలావరకు వదిలేశాయి. లినక్స్ ఆ మైక్రోకోడ్‌ని బూట్ అయిన ప్రతిసారీ తనే ఎక్కిస్తుంది, బయోస్ ఎంత పాతదైనా సరే.

ఇక్కడ ఒక కోపం కూడా వెళ్ళబోసుకోవాలి. ‘మీ డ్రైవర్లలో 37 పాతబడ్డాయి’, ‘రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట) 1,200 తప్పులున్నాయి’ అని ఎర్ర అక్షరాలతో బెదిరించే ప్రోగ్రాముల్ని వేయకండి. రిజిస్ట్రీలో వాడని పద్దులు ఉన్నంత మాత్రాన కంప్యూటర్ నెమ్మదించదు, తప్పు డ్రైవర్ పడితే మాత్రం వైఫై ఆగిపోతుంది. విండోస్‌ని దొంగతనంగా యాక్టివేట్ చేసే ప్రోగ్రాములైతే అంతకన్నా ఘోరం, ముందు యాంటీవైరస్‌నే ఆపమంటాయి. రెండో కోపం విండోస్ 11 మీద. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కావాలి అని గీత గీసి, 2025 అక్టోబర్ 14న విండోస్ 10 సాధారణ మద్దతు ఆపేశారు. నిక్షేపంగా నడిచే మెషీన్లు ఆ గీతకు ఇవతల పడిపోయాయి. బదులుగా కొనమనే సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే టంకం వేసి ఉంటుంది, పెంచుకునే దారి లేదు. మీ 2012 మెషీన్‌లో కొన్ని స్క్రూలు విప్పితే ర్యామ్ చేతికొస్తుంది.

విండోస్‌లో తప్ప నడవని లెక్కల ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే, మింట్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) వేసి దాంట్లో విండోస్ 7 పెట్టుకోండి. దానికి నెట్ అందకుండా నెట్‌వర్క్ అడాప్టర్ ‘నాట్ అటాచ్డ్’ అని పెట్టి, ఫైళ్ళు షేర్డ్ ఫోల్డర్ ద్వారా అటూ ఇటూ పంపండి. 8 జీబీ ర్యామ్ అడిగింది ప్రధానంగా ఇందుకే, దానికి 2 జీబీ ఇచ్చినా మిగతాది బ్రౌజర్‌కి సరిపోతుంది. పాత హార్డ్‌డిస్క్‌ని ఎవరికైనా ఇచ్చేటట్టయితే మొత్తం ఒకసారి సున్నాలతో నింపండి, తిరిగే డిస్కుకు ఒక్కసారి చాలు. ఎస్‌ఎస్‌డీని ఇచ్చే రోజు వస్తే ఆ పద్ధతి పనికిరాదు, దాని సొంత సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి.