ముందు నోరు, తర్వాతే ముఖం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పిల్లల టీవీ కార్యక్రమానికి చేతికి తొడుక్కుని మాట్లాడించే బొమ్మ తయారీ, ఆడించడం రెండూ నీకే అప్పగించారని తెలిసింది. మంచిదే. నువ్వు పంపిన డ్రాయింగు ముచ్చటగా ఉంది గానీ, ప్రస్తుతానికి పక్కన పెట్టు. పని నోటితో మొదలుపెట్టు.

నోటి పలక, అంటే లోపల నీ చేత్తో తెరిచి మూసే అట్ట, నీ కుడిచేతి కొలతకే ఉండాలి. వేళ్ల కొసలు దాటి అంగుళం కంటే పొడవు పెంచకు. మూతి సాగినకొద్దీ బరువు ముందుకు పడి, కాసేపటికే మణికట్టు లాగేస్తుంది. గట్టి అట్ట రెండు ముక్కలు కోసి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి గట్టి గుడ్డ అంటించు. సందు లేకపోతే నోరు పూర్తిగా మూతపడదు. పై పలకకి నాలుగు వేళ్లు దూరే జేబు, కింది పలకకి బొటనవేలి పట్టీ. పట్టీ వదులైతే మాట ఒకచోట, నోరు ఒకచోట ఉంటాయి.

తలకి అర అంగుళం స్పాంజి చాలు. కటర్‌లో కొత్త బ్లేడు వేసి తేలిగ్గా రెండు మూడుసార్లు లాగు. నొక్కి కోస్తే అంచు వంకరపోతుంది. అతుకులకి రబ్బరు జిగురు రెండు అంచులకీ పల్చగా రాసి, వేలికి అంటనంత వరకు ఆరనిచ్చి నొక్కు. పచ్చిగా నొక్కితే ఊడుతుంది, పట్టుకున్నాక ఇక సర్దలేవు. కిటికీలు తెరిచి పనిచెయ్యి. పైగుడ్డ రెండు బొమ్మలకి సరిపడా ఒకే తానులోంచి తీసుకో. మళ్లీ కొంటే ఛాయ మారుతుంది, కెమెరా ఇట్టే పట్టేస్తుంది.

నల్లగుడ్లు వెంటనే జిగురుతో అంటించకు. డబుల్ టేపుతో పెట్టి కెమెరాలో చూడు. సరిగ్గా మధ్యలో ఉంటే చూపు ఎటో పోతుంది. కాస్త ముక్కువైపు జరిపితే ఎదుటివాళ్లనే చూస్తున్నట్టుంటుంది. మెరిసే కళ్లలో స్టూడియో లైట్లన్నీ కనిపిస్తాయి, సన్న గరుకు కాగితంతో ఆ మెరుపు తీసెయ్యి.

ఆడించేటప్పుడు నీకు బొమ్మ కనిపించేది మానిటర్‌లోనే. అది అద్దం కాదు. చెయ్యి కుడికి జరిపితే తెర మీద బొమ్మ ఎడమకి పోతుంది. అందుకే ఇంట్లో సెల్ఫీ కెమెరాతో సాధన చెయ్యకు. ఫోన్ వెనక కెమెరాని టీవీకి కలుపుకో.

కష్టమంతా మాటకి నోరు కలపడంలోనే. దిగాల్సింది బొటనవేలు. పై నాలుగు వేళ్లూ కదలకూడదు. కొత్తవాళ్లు వాటినే ఎత్తుతారు, దాంతో మాటమాటకీ తల ఎగిరి చూపు సీలింగుకి పోతుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనక ఆఖరి అక్షరానికీ నోరు తెరిచే ఉండాలి, గొంతు ఆగాకే మూయాలి. 'మామిడిపండు' చూడు: 'మా' దగ్గర బాగా తెరువు, 'మిడి' కలిపి చిన్నగా, 'పం' ముందు పెదాలు తప్పక కలవాలి, 'డు'కి కొంచెం. ఐదక్షరాలకీ ఐదుసార్లు కొట్టావో, బొమ్మ మాటని నములుతున్నట్టుంటుంది. ప, బ, మ లకి నోరు కలవకపోతే చిన్నపిల్లలు కూడా కనిపెట్టేస్తారు.

అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్'లో 1969 నుంచి బిగ్ బర్డ్ అనే నిలువెత్తు పక్షి బొమ్మలో దూరి ఆడించిన కారోల్ స్పిన్నీ కుడిచెయ్యి పైకెత్తి తల ఆడించేవాడు, ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉండేది. లోపల్నుంచి బయటిదేమీ కనిపించదు గనక చిన్న మానిటర్ ఛాతీకి కట్టుకునేవాడు. కుడి రెక్కని గాలపు దారంతో ఎడమదానికి కలిపారు, ఒకటి దిగితే రెండోది లేచేది. మనిషికి చేతులు రెండేనని ఒప్పుకుని చేసిన డిజైన్ అది. నీ బొమ్మకి అంత హంగామా అక్కర్లేదు, రెండు గొడుగు ఊచలకి మెరుపులేని నలుపు వేసి, బొమ్మ చేతులకి బిగించి, వాటిని ఎడమచేత్తో పట్టుకుని ఆడించు. క్రోమా షూట్ (వెనక ఒకే రంగు తెర కట్టి, ఆ రంగున్నచోట తర్వాత వేరే దృశ్యం కలిపేది) అయితే ఊచలకీ, నీ చొక్కా చేతికీ వెనక తెర రంగే. బొమ్మ ఒంటిమీద మాత్రం ఆ రంగు చుక్క కూడా ఉండకూడదు, ఉన్నచోటల్లా చిల్లు పడినట్టు కనిపిస్తుంది.

చెయ్యి అలిసేకొద్దీ బొమ్మ కిందికి కుంగుతుంది, నీకు తెలియదు. మానిటర్ మీద గడ్డం ఉండాల్సిన ఎత్తున టేపు ముక్క అంటించు. టేకుల మధ్య చెయ్యి దించు, కానీ సెట్లో పిల్లలుంటే వాళ్ల కళ్లముందు బొమ్మని బల్లమీద పడేయకు.

లోపలి లైనింగు నూలుది, విప్పి ఉతికేలా కుట్టు. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకు, ఎండ తగలనివ్వకు, స్పాంజి పచ్చబడి పొడిగా రాలుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా కొన్నేళ్లకి పోయేదే. కాబట్టి కత్తిరింపు కొలతలన్నీ అట్టమీద కోసి, జిగురు, గుడ్డ ఎక్కడ కొన్నావో వాటిమీదే రాసి దాచు.

మొదటి రిహార్సల్ వీడియో పంపు. బొమ్మ ముఖం ఒక్కటే కాదు, నీ మణికట్టు కనిపించేలా పక్కనుంచి కూడా తియ్యి.

ఇట్లు,
మామయ్య