బత్తాయి తోటలో ఏ టర్కీ?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు రెండెకరాల బత్తాయి తోట ఉంది. నిరుడు అంగడిలో కొన్న 12 నాటు టర్కీలను అందులోనే తిప్పుతున్నాము. కొన్ని నల్లవి, కొన్ని బూడిద రంగువి. ఏడు నెలలు దాటినా పుంజులు ఆరేడు కిలోలకు మించలేదు. తెల్ల టర్కీలైతే ఐదు నెలలకే పదిహేను కిలోలు తూగుతాయని ఒక వ్యాపారి చెబుతున్నాడు. వీటిని అమ్మి వాటిని తెచ్చుకోవచ్చా? అమెరికాలో ‘హెరిటేజ్’ టర్కీలని వేరుగా పెంచుతారట, అవేమిటి?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: వ్యాపారి చెప్పిన బరువు అబద్ధం కాదు. రొమ్ము మాంసం కోసమే తరతరాలుగా ఎంపిక చేసిన వాణిజ్య తెల్ల టర్కీ పుంజు, సరైన దాణా అందితే, ఇరవై వారాలకు ఆ బరువుకు చేరగలదు. పైగా కిలో బరువు పెరగడానికి అది తినే దాణా నాటు పక్షి తినేదానికంటే తక్కువే. కాబట్టి మేతంతా సంచుల్లో కొని పెట్టే వారికి తెల్ల టర్కీయే లాభం, ఇందులో దాపరికం అవసరం లేదు. ఆ తెలుపు కూడా కావాలని తెచ్చిందే. ముదురు రంగు పక్షిని శుభ్రం చేశాక చర్మంలో నల్లటి ఈక మొలకలు మిగిలి కొనేవారికి నచ్చవు, తెల్ల పక్షిలో అవి కనబడవు.

అయితే వ్యాపారి చెప్పని సంగతి ఒకటుంది. రొమ్ము అంతగా పెరగడం వల్ల ఆ పుంజు పెట్టతో సహజంగా జత కట్టలేదు. ఆ జాతి పిల్లలన్నీ హేచరీలలో కృత్రిమ గర్భధారణ ద్వారానే పుడతాయి. మీరు పది తెల్ల పక్షులు తెచ్చుకుంటే అవి అమ్ముడుపోయిన నాటితో మీ మంద అయిపోతుంది, మళ్లీ పిల్లల కోసం ఆ వ్యాపారి దగ్గరికే వెళ్లాలి. మన పత్తి రైతు ఏటా హైబ్రిడ్ విత్తనం కొన్నట్లే దీన్నీ లెక్క కట్టుకోవాలి.

హెరిటేజ్ అనే మాటకు అర్థం కూడా ఇక్కడే ఉంది. అమెరికాలోని లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అనే సంస్థ ప్రకారం, సహజంగా జత కట్టి సంతతిని ఇచ్చేవి, పెట్టలు ఐదు నుంచి ఏడేళ్లు, పుంజులు మూడు నుంచి ఐదేళ్లు ఆరుబయట ఉపయోగపడుతూ బతికేవి, అమ్మకపు బరువుకు రావడానికి సుమారు 28 వారాలు తీసుకునేవి మాత్రమే ఆ పేరుకు తగినవి. స్టాండర్డ్ బ్రాంజ్, నారగాన్సెట్, బోర్బన్ రెడ్, స్లేట్, రాయల్ పామ్ వంటివి ఆ కోవలోకి వస్తాయి. మన అంగళ్లలో బోర్బన్ రెడ్ అని చెప్పి ఎర్ర పక్షిని రెట్టింపు ధరకు అమ్మజూపితే, తల్లిదండ్రుల వివరాలు చూపనిదే నమ్మకండి. మన దగ్గర తిరిగే నాటు టర్కీలు చాలావరకు కలగలుపు సంతతి. జాతి పేరు లేకపోయినా గుణంలో మాత్రం అవి హెరిటేజ్ పక్షులకే దగ్గర. వాటంతట అవే జత కడతాయి, ఒక్కో పెట్ట పది పదిహేను గుడ్ల మీద కూర్చుని 28 రోజుల్లో పిల్లలను లేపుతుంది.

మీ తోట సంగతికి వస్తే, నల్లగొండలో మే నెల ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు బరువైన పక్షి నోరు తెరిచి రొప్పుతూ మేత మానేస్తుంది, కాళ్లు బలహీనపడటమూ ఆ జాతిలోనే ఎక్కువ. నాటు పక్షి బత్తాయి చెట్ల నీడన గడ్డి, మిడతలు, చెదపురుగులు ఏరుకుని మేత ఖర్చులో మంచి భాగాన్ని తానే తగ్గిస్తుంది. తోటకు మందు కొట్టినప్పుడు మాత్రం, డబ్బా మీద చెప్పిన గడువు ముగిసేదాకా వాటిని లోపలికి వదలకండి.

నా సలహా: ఉన్నవాటిని అమ్మకండి. బరువు కొంత పెరగాలనుకుంటే పుంజును మార్చి చూడండి. అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో రూపొందిన బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్ అనే చిన్న తెల్ల జాతిని నల్లటి దేశవాళీతో కలిపి తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నందనం టర్కీ-1 రకాన్ని తయారుచేసింది. అది మన వేడికి తట్టుకుంటుంది, ఆ రకం పుంజును తెచ్చుకోవచ్చు. తెల్ల భారీ పక్షుల మీద ఆశ చావకుంటే ఆగస్టు మొదట్లో పది పిల్లలను తెచ్చి, వేరే షెడ్డులో పెంచి, క్రిస్మస్‌కు హైదరాబాద్‌లో అమ్మేయండి. వేసవి వాటి జోలికి రాదు. కొనేవారితో ముందే మాట్లాడుకోండి, పదిహేను కిలోల పక్షిని ఒక్క కుటుంబం కొనడం మన దగ్గర అరుదు.

ప్రశ్న: నాటుకోళ్ల కింద పెట్టిన గుడ్ల నుంచి 20 టర్కీ పిల్లలు లేచాయి. వారంలో 11 చనిపోయాయి. దాణా పక్కనే ఉన్నా తినలేదు. వాణిజ్య జాతి పిల్లలైతే బతికేవా?
– ఒక సోదరి, వనపర్తి

జవాబు: ఇది జాతి దోషం కాదమ్మా. టర్కీ పిల్లకు చూపు మందం, మేత ఏదో దానికి తోచదు. పక్కన దాణా ఉన్నా ఆకలితో చావడం అన్ని జాతుల్లోనూ ఉంది. మొదటి పదిహేను రోజులు లీటరు నీటికి 100 మిల్లీలీటర్ల పాలు కలిపి పట్టండి, పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చిదిమి నోటికి అందించండి. నీటి గిన్నెలో రంగు గోళీలు వేస్తే మెరుపు చూసి ముక్కుతో పొడుస్తాయి. మొదటి వారం బ్రూడర్ (పిల్లలకు వెచ్చదనమిచ్చే దీపపు గొడుగు) కింద వేడి 35 డిగ్రీలుండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. దాణాలో 28 శాతం మాంసకృత్తులు అవసరం, మామూలు కోడిపిల్లల దాణాలో అంత ఉండదు.

మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. నాటుకోళ్ల కడుపులోని ఒక చిన్న నులిపురుగు గుడ్ల ద్వారా బ్లాక్‌హెడ్ రోగం టర్కీలకు అంటుతుంది. కోళ్లకు పెద్దగా ఏమీ కాదు, టర్కీలకు మాత్రం గంధకం రంగు రెట్టలతో కాలేయం దెబ్బతిని ప్రాణాంతకమవుతుంది. నాటుకోడితో పొదిగించడం మన ఇళ్లలో వాడుకే అయినా, పిల్లలు లేచిన వెంటనే వేరుచేసి, కోళ్లు తిరగని నేల మీద పెంచండి.

ప్రశ్న: మా ఇంట్లో పల్లి చెక్క ఉంది. ఏ జాతి టర్కీకైనా పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: బూజు తగలనిదైతే కొద్దిగా పెట్టవచ్చు. 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్క తిని లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోయాయి. ఆ కారణం వెతుకుతుండగానే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం బయటపడింది. ఈ విషయంలో నాటు, వాణిజ్య తేడా లేదు, టర్కీ పిల్లలన్నీ దానికి సులువుగా లొంగిపోతాయి. వానలో తడిసిన చెక్కను ఎండబెట్టినా విషం పోదు. అలాంటి దాన్ని పశువులకూ పెట్టకుండా గుంత తీసి పూడ్చేయండి.